ఇనుపదారి ఉద్యోగుల ఐకమత్యము
(సికింద్రాబాదు రైల్వే కార్మిక సంఘముల చరిత్ర)

ఏ దేశమునందైనను కూలికి పని చేయు మనుష్యునకు రెండు విధముల లేమి కలదు. ఒకటి ధనము లేమి, రెండవది వార్త లేమి. మొదటిది ఎల్లరకు కనబడును. రెండవది కనబడదు. తన జీతములో కోత యేల పడెనో, తన పేర వచ్చిన తాఖీదునకు ఎన్ని దినములలో సంజాయిషీ చెప్పుకొనవలెనో, ఇంటి యజమాని కాలము చేసినపుడు భార్యకు ఏ కార్యాలయమునుండి ఎంత సొమ్ము రావలసియున్నదో తెలియక చెడినవారు, ధనము లేక చెడినవారికంటె సంఖ్యలో తక్కువవారు కారు.

చిన్నయసూరి నీతిచంద్రిక చదివినవారికి చిత్రగ్రీవుని కథ తెలిసినదే. వలలో చిక్కిన పావురములన్నియు ఒక్కుమ్మడి ఎగిరి వలతోకూడ పోయెను. చాలమంది కథను ఇంతవఱకే చెప్పి ఐకమత్యమును కొనియాడి ఊరకుందురు. కాని వల ఇంకను మీదనే యుండగా ఆ పావురములకు విముక్తి యెట్లు కలిగెను? హిరణ్యకుడను ఎలుక కూర్చుండి త్రాళ్ళను ఒక్కొక్కటిగా కొఱికెను. రాజైన చిత్రగ్రీవుడు తన బంధములకంటె ముందు తనవారి బంధములను తెంపుమని కోరెను. కార్మిక సంఘముల చరిత్రలో సమ్మె యనునది ఎగురుట వంటిది. దినదినమును ఒక్కొక్క సభ్యునకు చేయు సాయము త్రాళ్ళు కొఱుకుట వంటిది. మొదటిది పత్రికల కెక్కును, రెండవది ఎక్కదు. సికింద్రాబాదు రైల్వే ఉద్యోగుల సంఘముల చరిత్రలో ఈ రెండును ఎట్లు పెనవైచుకొని నడచినవో తెలిసికొనుట, ఆ దారిమీద బిడ్డలను పనికి పంపిన పల్లెలవారికి ఎంతయు ప్రయోజనకరము.

ఇనుపదారి వచ్చుట

1874లో వాడి జంక్షనునుండి హైదరాబాదు, సికింద్రాబాదులకు రైలుదారి తెఱవబడెను. నిజాం ప్రభువు రాజ్యములో తొలి ఇనుపదారి యిదియే. తరువాత లండనులో ఏర్పడిన కంపెనీ ఒకటి, పెట్టుబడికి నిజాం ప్రభుత్వము వడ్డీ పూచీ యిచ్చు ఒడంబడికపై ఈ దారిని తీసికొనెను. అందుచేతనే దానికి 'నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే' యని పేరు వచ్చెను. దారి ఓరుగల్లు మీదుగా సాగి 1889లో బెజవాడ చేరెను. 1893లో సికింద్రాబాదు ప్రక్కనున్న లాలాగూడలో ఇంజనులను, బండ్లను మరమ్మతు చేయు కర్మాగారము వెలసెను. 1930 ఏప్రిలు 1వ తేదీన నిజాం ప్రభుత్వము కంపెనీనుండి రైల్వేను స్వాధీనము చేసికొనెను. అప్పటినుండి అది 'నిజాం స్టేట్ రైల్వే' యయ్యెను. 1932 జూను 15వ తేదీన ఆ రైల్వే శాఖయే 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో రోడ్డు రవాణాను గూడ ఆరంభించెను. నేటి ఆర్టీసీ సంస్థలకు మూలము అదియే. కావున ఆంధ్ర, తెలంగాణములలో బస్సు నడుపు ఉద్యోగియు ఒక విధముగా రైల్వే యింటినుండి వేరుపడిన దాయాదియే.

లాలాగూడ కొలిమికి నలుదిక్కులనుండి మనుష్యులు వచ్చిరి. తెలుగువారు, ఉర్దూ మాటలాడువారు, తమిళులు, మరాఠీలు, ఆంగ్లో ఇండియనులు ఒకే కప్పు క్రింద సుత్తి పట్టిరి. పల్లెలలో కరవు వచ్చినపుడు పొలము విడిచిన రైతుబిడ్డ గ్యాంగుమనుష్యుడై పట్టాలు సరిచేయుటకు చేరెను. వ్యవసాయదారునకు వాన యెప్పుడు వచ్చునో తెలియదు గాని, తన కమతము హద్దులు తెలియును. ఈ క్రొత్త కొలువులో జీతము నెలనెల వచ్చునదియే గాని, హద్దులు తెలియవు. ఆ హద్దులను వ్రాసిన నియమములు ఇంగ్లీషులో నుండెను, రాజ్యభాష ఉర్దూ యయ్యెను. పట్టా మోయువానికి రెండును రావు.

సంఘములేని కాలము

ఆ కాలమున జుల్మానా సర్వసామాన్యము. ఆలస్యమునకు జుల్మానా, వస్తువు పగిలిన జుల్మానా, మాటకు మాట చెప్పిన జుల్మానా. బ్రిటిషు ఇండియాలో 1936లో జీతముల చెల్లింపు చట్టము వచ్చినపుడు దీనికి ఒక కట్టుబాటు ఏర్పడెను. ఆ చట్టము ప్రకారము ఒక జీతకాలమునకు రూపాయికి అరణాకు మించి జుల్మానా వేయరాదు. ఏయే తప్పులకు జుల్మానా కలదో ముందుగా నోటీసుబల్లపై ప్రకటింపవలెను. తప్పు చేసెనన్న ఉద్యోగిని విచారింపక వేయరాదు. వసూలైన సొమ్మును ఉద్యోగుల మేలునకే వినియోగింపవలెను. చట్టము వ్రాయుట సులభమే. నోటీసుబల్లమీది మాటను చదివి, "ఇది నీ హక్కు, ఇక్కడ వ్రాసియున్నది" యని చదువురానివానికి చెప్పు మనుష్యుడు ఎవడు? ఆ చెప్పువాడు వచ్చిననాడే సంఘము పుట్టినదని చెప్పవచ్చును.

హిందూదేశమున రైల్వే పనివారి ఆందోళన చాల పాతది. 1862లోనే హౌరా స్టేషనులో దాదాపు 1,200 మంది పనివారు ఎనిమిది గంటల పనిదినము కోరి పని మానిరి. కాని స్థిరమైన సంఘములు మొదటి ప్రపంచయుద్ధము ముగిసిన పిదపనే నిలద్రొక్కుకొనెను. ఆ చరిత్రలో తెలుగువారు గర్వింపదగిన పేరు వరాహగిరి వేంకటగిరిగారిది. బరంపురమున 1894లో జన్మించి, ఐర్లండులోని డబ్లిను నగరమున న్యాయశాస్త్రము చదువుచు, అచటి స్వాతంత్ర్యోద్యమముతో సంబంధము కలదని 1916లో ఆ దేశమునుండి వెడలగొట్టబడిన గిరిగారు, స్వదేశమునకు వచ్చి బెంగాలు నాగపూరు రైల్వే ఉద్యోగులను సంఘటితపఱచిరి. ఖరగ్‌పూరు కర్మాగారమున తెలుగు కార్మికులు పెక్కుమంది యుండిరి. 1927లో అచట జరిగిన సమ్మెలు దేశప్రఖ్యాతములు. 1924లో ఏర్పడిన అఖిల భారత రైల్వే ఉద్యోగుల సమాఖ్యకు గిరిగారు వ్యవస్థాపకులలో ఒకరు. 1926లో కార్మిక సంఘముల చట్టము వచ్చినందున, రిజిస్టరు చేయించుకొన్న సంఘమునకు బ్రిటిషు ఇండియాలో చట్టబద్ధమైన నిలుకడ కలిగెను.

గిరిగారి మార్గములో ఒక విశేషము గమనింపవలెను. తగవును కోర్టుకు, తీర్పరికి వదలుటకంటె, యజమానియు సంఘమును ఎదురెదురుగ కూర్చుండి తేల్చుకొనుటయే మేలని వారి దృఢవిశ్వాసము. 1952లో కేంద్ర కార్మిక మంత్రియైనప్పుడును ఈ అభిప్రాయము విడువలేదు. బ్యాంకు ఉద్యోగుల విషయమున అప్పిలేట్ ట్రిబ్యునలు ఇచ్చిన తీర్పును ప్రభుత్వము మార్చగా 1954లో వారు మంత్రిపదవినే వదలుకొనిరి. పదవికంటె మాట పెద్దదని నమ్మిన మనుష్యులు అరుదు.

నిజాం రాజ్యములో సంఘము, గ్రంథాలయము

1926 చట్టము బ్రిటిషు ఇండియాకు వర్తించినదే గాని నిజాం రాజ్యమునకు తనంత తాను వర్తింపలేదు. అచట నలుగురు కూడి సభ చేసికొనవలెనన్నను సర్కారు అనుమతి కావలెను. 'గస్తీ నిషాన్ తిర్పన్' అను 53వ సంఖ్య గల ఉత్తరువు ఆనాటి ప్రజలకు పీడకల. గ్రంథాలయము పెట్టుటయే అనుమానమునకు కారణమగు కాలమది. అయినను 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమును, 1905లో సికింద్రాబాదున ఆంధ్ర సంవర్ధినీ గ్రంథాలయమును వెలసెను. తెలుగు చదువరులకు నాలుగు పత్రికలు ఒకచోట దొరకు తావులు అవియే. వార్తను పంచుకొన్న జనమునకు సంఘమును పెంచుకొను శక్తి తప్పక వచ్చును. గ్రంథాలయోద్యమమును, కార్మికోద్యమమును వేఱు వేఱు మనుష్యులు నడపియుండవచ్చును. ఆ రెండు చెట్లకును నీరు పెట్టిన కాలువ ఒక్కటే. చందా కట్టి, లెక్క వ్రాసి, సభ్యుల పేరులు పట్టికలో నిలిపి, పదిమందికి పనికివచ్చు వస్తువును ఉమ్మడిగా నిలుపుకొను అభ్యాసమే ఆ కాలువ.

రెండవ ప్రపంచయుద్ధకాలమున ధరలు పెరిగి, జీతములు చాలక, హైదరాబాదు, సికింద్రాబాదుల పనివారు సంఘములలో చేరసాగిరి. 1946లో అఖిల హైదరాబాదు ట్రేడ్ యూనియన్ కాంగ్రెసు ఏర్పడెను. ఉర్దూ కవియైన మఖ్దూం మొహియుద్దీనును, డాక్టరు రాజ్ బహదూర్ గౌడును అందలి ప్రముఖులు. మెదకు ప్రాంతపు అందోలున 1908లో పుట్టిన మఖ్దూం, కళాశాలలో పాఠములు చెప్పుట మాని కార్మికుల నడుమ తిరిగిన మనుష్యుడు. మిల్లు పనివాని భాషయు రైల్వే పనివాని భాషయు వేఱైనను ఇద్దఱి జీతపుచీటీయు ఒకే తీరుగ నుండునని ఆ కాలపు నాయకులు గ్రహించిరి. 1948 సెప్టెంబరులో హైదరాబాదు రాజ్యము భారతదేశమున కలిసెను.

కేంద్రము మారినపుడు

1951 నవంబరు 5వ తేదీన నిజాం స్టేట్ రైల్వే క్రొత్తగా ఏర్పడిన సెంట్రల్ రైల్వేలో విలీనమయ్యెను. ప్రధాన కార్యాలయము బొంబాయి. అదివఱకు లాలాగూడ పనివాని అర్జీ సికింద్రాబాదులోనే తేలుచుండెను. ఇక ముఖ్యమైన నిర్ణయములకు బొంబాయివైపు చూడవలసివచ్చెను. పాత సంస్థానపు సర్వీసు లెక్కలను క్రొత్త రైల్వే జీతముల వరుసలలో ఇముడ్చుట, సీనియారిటీ పట్టికలు కలుపుట మున్నగు పనులలో పెక్కు చిక్కులు పుట్టుట సహజము. గ్రామములో రెండు కమతములు కలిపినపుడు గట్టు తగవులు పుట్టునట్లే, రెండు రైల్వేలు కలిపినపుడు సీనియారిటీ తగవులు పుట్టును.

ఈ కాలముననే ఒక మేలైన ఏర్పాటు జరిగెను. 1952 ఆరంభమునుండి రైల్వేలలో 'శాశ్వత సంప్రదింపుల యంత్రాంగము' అమలులోనికి వచ్చెను. డివిజనులోను, రైల్వే ప్రధాన కార్యాలయములోను, ఆపై ఢిల్లీలోని రైల్వే బోర్డునందును అధికారులు గుర్తింపుపొందిన సంఘప్రతినిధులతో నియతకాలమున సమావేశము కావలెను. సంఘము తన అంశములను ముందుగా వ్రాసి పంపవలెను. అధికారి జవాబును చర్చానంతరము వ్రాతమూలకముగ నమోదు చేయవలెను. క్రింద తేలనిది పైమెట్టుకు పోవును. గట్టిగా అఱచినవాని మాట గాలిలో కలియును గాని, మినిట్సు పుస్తకమున ఎక్కిన అంశము తేలువఱకు ప్రతి సమావేశమునను ఎదుటికి వచ్చును. లెక్కలు వ్రాయువానికి ఈ సంగతి బాగుగ తెలియును: బాకీ పుస్తకములో నున్నంతకాలము అది బాకీయే.

1966 అక్టోబరు 2వ తేదీన సికింద్రాబాదు ప్రధాన కేంద్రముగా దక్షిణ మధ్య రైల్వే అవతరించెను. దక్షిణ రైల్వేనుండి విజయవాడ, హుబ్బళ్ళి డివిజనులును, సెంట్రల్ రైల్వేనుండి సికింద్రాబాదు, షోలాపూరు డివిజనులును ఇందు చేరెను. పదునైదేండ్లకు నిర్ణయాధికారము బొంబాయినుండి మరల సికింద్రాబాదు వచ్చెను. సంఘములును తదనుగుణముగ తమ శాఖలను సవరించుకొనెను. అఖిల భారత సమాఖ్యకు అనుబంధమైన దక్షిణ మధ్య రైల్వే మజ్దూర్ యూనియనును, జాతీయ సమాఖ్యకు అనుబంధమైన దక్షిణ మధ్య రైల్వే ఎంప్లాయీస్ సంఘును ఈ రైల్వేలో పేరెన్నికగన్నవి. ఒకే పనివానికి రెండు సంఘములేల యని అడుగువారు కలరు. ఒకే ఊరిలో రెండు భజనమండలులు ఏల యున్నవో అడిగిన, దానికి చెప్పు జవాబే దీనికిని చెప్పవలెను. అయితే పోటీవలన ఒక లాభమును కలదు. ఒకరు పట్టించుకొనని సభ్యుని మఱియొకరు పట్టించుకొందురు.

వార్త నడచిన త్రోవ

మహాభారతమున సంజయుడు యుద్ధవార్తలు తెచ్చి ధృతరాష్ట్రునకు వినిపించెను. అది రాజొక్కనికి చేరిన వార్త. రణరంగమున నిలిచిన కాలిబంటునకు తన దండు గెలుచుచున్నదో ఓడుచున్నదో చెప్పిన సంజయుడు లేడు. కార్మిక సంఘము చేసిన మొదటి పని ఈ కాలిబంటునకు సంజయుని కల్పించుటయే.

ఆ వార్త ప్రయాణించిన త్రోవ చిత్రమైనది. సంఘకార్యాలయమున సర్క్యులరు అచ్చగును. శాఖాకార్యదర్శి దానిని నోటీసుబల్లకు అంటించును. గార్డుచేతికో, డ్రైవరుచేతికో ఒక కట్ట చేరును. బండి ఆగిన స్టేషనులో పాయింట్సుమనుష్యుడు ఒక కాగితము పుచ్చుకొనును. అచటినుండి ట్రాలీతోనో కాలినడకనో అది గ్యాంగుకు చేరును. మధ్యాహ్నము చెట్టునీడ అన్నము తినునపుడు చదువు వచ్చినవాడు చదువును, తక్కినవారు విందురు. కర్మాగారమున నైతే పని విడిచిన వేళ గేటువద్ద సభ. ఉపన్యాసము పది నిమిషములు మించినచో సైకిళ్ళు కదలును. కావున వక్తకు క్లుప్తముగ చెప్పు విద్య తప్పక అలవడును.

ఆ కాగితములో ఏముండును? ఈ నెల కఱవుభత్యము ఇంత పెరిగినది. ఫలానా పరీక్షకు ఫలానా తేదీలోపల పేరు ఇయ్యవలెను. పదోన్నతి పట్టిక వెలువడినది, తప్పులున్నచో వెంటనే తెలుపవలెను. చూచుటకు చిన్నమాటలే. అయినను ఒక తేదీ తెలియక ఒక పదోన్నతి పోయినచో, ఆ నష్టము ఉద్యోగము ముగియువఱకును, అటుపై పింఛనులోను వెంటాడును. రైల్వేలో పింఛను పద్ధతి 1957 నవంబరునుండి వచ్చెను. అంతకుముందు చేరినవారు ప్రావిడెంటు ఫండులోనే యుందురో, పింఛనుకు మారుదురో వ్రాతమూలకముగ తెలుపుకొనవలసివచ్చెను. ఒక్క కాగితముపై పెట్టు ఒక్క వ్రేలిముద్ర ముదిమినాటి అన్నమును నిర్ణయించెను. అట్టి వేళ ఆ కాగితమును చదివి వివరించువాడు చుట్టముకంటె మిన్న.

సంజాయిషీ వ్రాయు చేయి

సంఘము సభ్యునకు చేయు సాయములలో ముఖ్యమైనది అభియోగము వచ్చినపుడు చేయు సాయము. ఇప్పటి రైల్వే క్రమశిక్షణ, అప్పీలు నియమములు 1968 నాటివి. అభియోగపత్రము అందిన ఉద్యోగి పది దినములలో వ్రాతపూర్వకముగ జవాబు చెప్పుకొనవలెను. పెద్ద శిక్షకు దారితీయు అభియోగమైనచో విచారణ జరుగును. ఆ విచారణలో అతడు తోటి ఉద్యోగిని గాని, నియమములకు లోబడి సంఘ ప్రతినిధిని గాని తన పక్షమున సహాయకునిగ నిలుపుకొనవచ్చును. శిక్ష పడినచో నలుబదియైదు దినములలో అప్పీలు చేసికొనవచ్చును. సస్పెన్షనులో నున్నంతకాలము జీవనభృతి కలదు.

ఈ నాలుగు వాక్యములు తెలిసిన ఉద్యోగికిని తెలియని ఉద్యోగికిని నడుమ నేలకును నింగికిని గల భేదము కలదు. తెలియనివాడు భయపడి, "తప్పు చేసితిని, క్షమింపుడు" అని వ్రాసియిచ్చును. ఆ కాగితమే అతనిపై సాక్ష్యమగును. తెలిసినవాడు ముందుగ అభియోగమునకు ఆధారమైన కాగితముల నకళ్ళు కోరును. ఆ పిదపనే జవాబు వ్రాయును. ఏండ్ల తరబడి సంఘములలో పనిచేసిన సహాయకులు న్యాయవాదులు కారు. గుమాస్తాలు, టికెట్టు కలెక్టరులు, ఫిట్టరులు. నియమముల పుస్తకమును పదేపదే చదివి, ఒక తోటివాని అన్నమును కాపాడవలెనన్న పట్టుదలతో విద్య సంపాదించుకొన్నవారు. హిరణ్యకుని దంతములు వీరివి.

ఉద్యోగి మరణించినచో ఆ యింటికి సంఘము చేయు సాయము మఱియొకటి. కుటుంబపు పింఛను, గ్రాట్యుటీ, ప్రావిడెంటు ఫండు, కారుణ్య నియామకపు దరఖాస్తు, క్వార్టరు ఖాళీ చేయు గడువు - ఇన్ని వ్యవహారములు, ఏడ్చుచున్న స్త్రీ ముందు ఒక్కసారి వచ్చి పడును. సర్వీసు రిజిస్టరులో భార్య పేరు ఒక తీరున, రేషను కార్డులో మఱియొక తీరున ఉన్నచో నెలలు గడచును. ఈ పత్రములు సరిచేయించుటకు శాఖాకార్యదర్శి తిరుగు తిరుగుడు ఏ చరిత్రగ్రంథమునను కానరాదు.

ఇరువది దినముల సమ్మె

రైల్వే కార్మికుల చరిత్రలో ఎగురుట అనదగిన ఘట్టములును కలవు. 1960 జూలై నెలలో కేంద్ర ప్రభుత్వోద్యోగుల సమ్మెయు, 1968 సెప్టెంబరు 19వ తేదీన ఒకదినపు సమ్మెయు జరిగెను. 1973 ఆగస్టులో ఇంజను సిబ్బంది సమ్మె చేయగా డ్యూటీ పది గంటలకు తగ్గింపబడునని ప్రభుత్వము ఒప్పుకొనెను. వీనన్నిటికంటె పెద్దది 1974 మే 8వ తేదీన ఆరంభమైనది. సుమారు 17 లక్షల మంది ఉద్యోగులు గల రైల్వేలలో, పలు సంఘములు కలిసి ఏర్పఱచిన జాతీయ సమన్వయ సమితి దీనికి పిలుపునిచ్చెను. జార్జి ఫెర్నాండెజు దానికి నాయకుడు. బోనసు, ఎనిమిది గంటల పని, కఱవుభత్యము సరిచేయుట, తక్కువ ధరకు ధాన్యము, క్యాజువలు కూలీలను స్థిరపఱచుట ముఖ్యమైన కోరికలు. ప్రభుత్వము మే 2వ తేదీననే నాయకులను నిర్బంధించెను. వేలాది కార్మికులు చెఱసాలల పాలైరి. రైల్వే క్వార్టరులనుండి కుటుంబములను వెడలగొట్టిన ఉదంతములు దేశమున పెక్కుచోట్ల జరిగెను. విచారణ జరుపుట సాధ్యము కాదని వ్రాసి, విచారణ లేకయే ఉద్యోగమునుండి తొలగించు 14వ నియమము విరివిగ ప్రయోగింపబడెను. పది దినముల సంజాయిషీయు, సహాయకుడును ఆ నియమము ముందు నిలువలేదు.

విధివిలాస మేమనగా, ఆనాడు రాష్ట్రపతి భవనమున నున్నవారు వి. వి. గిరిగారే. ఖరగ్‌పూరు పనివారి సమ్మెను నడపిన నాయకుని కాలముననే దేశపు అతిపెద్ద రైల్వే సమ్మె అణచబడెను. రాష్ట్రపతి మంత్రివర్గపు సలహాపై నడచుకొనవలెనని రాజ్యాంగము. కాని ఆ ముదుసలి హృదయములో ఏమి మెదలియుండునో చదువరులే ఊహింపవలెను.

సమ్మె మే 27వ తేదీన కోరికలు తీరకయే విరమింపబడెను. సమ్మెదినములలో వార్తయే మొదటి బలియయ్యెను. నాయకులు చెఱలో నుండగా, ఆకాశవాణి ఒక మాట చెప్పుచుండగా, పక్క స్టేషనువారు పనిలోనికి పోయిరో లేదో తెలియక ఒక్కొక్కడు ఒంటరి యయ్యెను. రెండవది సాయము. జీతము లేని ఇంటికి మూడువారములు బియ్యము పెట్టు నిధి ఏ సంఘమువద్దను చాలినంత లేదు. ఎగురుటకు సిద్ధపడిన పావురములకు ధాన్యపు గింజలు లేకపోయెను. 1974 నేర్పిన పాఠమిది. వార్తయు సాయమును ముందుగ కట్టుకొనని సంఘమునకు సమ్మె కత్తిమీది సాము. అయినను ఆ కష్టము వృథాకాలేదు. 1977లో వచ్చిన క్రొత్త ప్రభుత్వము తొలగింపబడినవారిని తిరిగి పనిలోనికి తీసికొనెను. 1979లో రైల్వే ఉద్యోగులకు ఉత్పాదకతతో ముడిపెట్టిన బోనసు మంజూరయ్యెను.

కార్డు దాచుకొన్న కూలి

పల్లెలవారికి మిక్కిలి సంబంధించిన అధ్యాయము క్యాజువలు కూలీలది. క్రొత్తదారి వేయునపుడు, వంతెన కట్టునపుడు, వరదకు గండి పడినపుడు చుట్టుప్రక్కల ఊళ్ళనుండి కూలీలను పిలిచి, పని తీరగానే పంపివేయుట రైల్వేలలో చిరకాలపు ఆచారము. ఏండ్ల తరబడి ఇట్లు వచ్చుచు పోవుచు, ఏనాడును ఉద్యోగి యనిపించుకొననివారు లక్షలు. 1985లో సుప్రీం కోర్టు విచారణలో, ప్రాజెక్టు పనులలో ఎడతెగక 360 దినములు పనిచేసినవారిని తాత్కాలికోద్యోగులుగ పరిగణించి క్రమక్రమముగ స్థిరపఱచు పథకము, కొన్ని సవరణలతో ఆమోదింపబడెను.

ఇక ప్రశ్న ఒక్కటే: 360 దినములు పనిచేసినట్లు రుజువేది? కూలికి ఇచ్చు సర్వీసు కార్డులో పనిదినములు వ్రాసియుండును. ఆ కార్డును పెట్టె అడుగున దాచుకొన్నవాడు రైల్వే ఉద్యోగి యగుటకు ఆధారము దొరకెను. వానకు తడిపినవాడు, పొయ్యిలో పడవేసినవాడు, మేస్త్రీవద్దనే వదలినవాడు తాను మోసిన రాయిని తానే పట్టాలక్రింద చూచుచు కూలిగనే మిగిలెను. ఒకే గ్యాంగులో, ఒకే ఎండలో, ఒకే పలుగు పట్టిన ఇద్దఱి బ్రదుకులు ఒక అట్టముక్కతో వేఱైపోయెను. సంఘమువారు ముందే వచ్చి, "కార్డు పోగొట్టుకొనవలదు" అని చెప్పిన చోట్ల పెక్కుమంది నిలిచిరి. చెప్పనిచోట్ల నిలువలేదు. సంఘము లోపమును గూడ ఇచట చెప్పకతీరదు. చందా కట్టు స్థిరోద్యోగిపై నున్నంత శ్రద్ధ, చందా కట్టలేని క్యాజువలు కూలిపై చాలకాలము లేకపోయెను.

నేటి కాలము

2007లో రైల్వేలలో తొలిసారిగ రహస్య ఓటుతో సంఘముల గుర్తింపు నిర్ణయింపబడెను. తరువాత 2013లోను, 2024 డిశంబరులోను ఇట్టి ఎన్నికలే జరిగెను. ఓటు వచ్చినపిదప సంఘనాయకుడు ఐదారేండ్లకైనను గ్యాంగుమనుష్యుని ముంగిటికి రాక తప్పదు. 2004 జనవరి 1వ తేదీనుండి చేరినవారికి పాత పింఛను లేకపోవుట సంఘములకు పెద్ద తగవయ్యెను. 2025 ఏప్రిలునుండి ఏకీకృత పింఛను పథకము మఱియొక మార్గముగ వచ్చెను. ఉద్యోగి మరల ఒక కాగితముపై తన యిష్టమును తెలుపవలసిన దినములు వచ్చినవి. 1957 నాటి ప్రశ్నయే వేషము మార్చుకొని వచ్చినది.

దాయాదియైన ఆర్టీసీలో 2019 అక్టోబరు 5వ తేదీనుండి తెలంగాణములో సుమారు 48,000 మంది ఉద్యోగులు ఏబదిరెండు దినములు సమ్మె చేసిరి. జీతములు లేక ఆ యిండ్లు పడిన అగచాట్లు చూచినవారికి 1974 నాటి పాఠము ఇంకను పాతబడలేదని తెలియును. స్టేషనులు ఊడ్చు పనియు, బండ్లు కడుగు పనియు నేడు పెక్కుచోట్ల కాంట్రాక్టరుల చేతిలో నున్నవి. ఆ పనివారు రైల్వే ఉద్యోగులుగ లెక్కకు రారు. వారి జీతపుచీటీ ఎవరు చదువవలెను? సంఘములు దీనికి చెప్పు జవాబును బట్టియే రానున్న యాబదియేండ్ల చరిత్ర వ్రాయబడును.

గ్రామ గ్రంథాలయపు రజతోత్సవ సంచికలో రైల్వే సంఘముల చరిత్రకు చోటేల యను సందేహము ఎవరికైన కలిగినచో, సమాధానము ఈ యూరి ఇండ్లలోనే కలదు. కొలువునకు పోయిన బిడ్డ ఇంటికి పంపిన తాఖీదు, తండ్రి విడిచిపోయిన సర్వీసు కార్డు, తల్లికి రావలసిన పింఛను కాగితము - వీనిని చదివించుకొనుటకు పల్లెవారు వచ్చు తావు గ్రంథాలయమే. కథలు చదువు బల్లమీదనే వారమునకొక సాయంకాలము ఇట్టి కాగితములు చదివిపెట్టు ఏర్పాటు చేసినచో దానికి ఖర్చు లేదు. ఒక దీపము, ఒక కలము, ఓపికగల ఒక చదువరి చాలును. పుట్టినతేదీ సరిచూడుడు. పేరు అన్ని కాగితములలో ఒకే తీరున ఉన్నదేమో చూడుడు. ప్రతి అర్జీకి నకలు ఉంచుకొనుడు, రసీదు పుచ్చుకొనుడు. గడువు తేదీని గోడమీది పంచాంగమున గుర్తు పెట్టుకొనుడు. త్రాళ్ళు ఒక్కొక్కటిగనే తెగును.